అంచు కొయ్యలే

అదాలత్ ఎనుక సందుల నా మడిగె.
మైదా ఉడికే వాసనే దానికి బోర్డు.
పురుగు పట్టకుంట చిటికెడు మైలుతుత్తం కలుపుత,
వకీళ్ళ పుస్తకాలకు వెన్నులు కడుత.
ముప్పయ్యారేండ్ల సంది గిదే పని.

మొన్న నరహరి వకీలు చేతిసంచిల తెచ్చిండు
వాళ్ళ నాయిన కాలం నాటి రాజ్యాంగం.
వెన్ను ఇరిగింది.
ఫారాలు ఒకదాని మొకం ఒకటి సూస్తలేవు.
"కుట్టుడా, పాతకాయితాలోనికి ఏసుడా
నువ్వే చెప్పు సారమ్మా" అని నవ్విండు.
పక్కన కొడుకు. ఆయనా వకీలే. నవ్వలే.
"ఫోనంటే గోడకు ఏలాడేదనుకున్నోళ్ళు రాసింది నాయినా,
ఎన్నేండ్లని అతుకులేస్తం?"
గడప మీదనే తగువు పెట్టుకున్నరు.
కోర్టుల పిలుపు ఇనవడంగనే
నల్లకోట్లు ఎగిరేసుకుంట ఉరికిన్రు.
తీర్పు నా బల్ల మీద మిగిలింది.

నేను పుస్తకాన్ని చదువ. విప్పుత.
విప్పితె తెలుస్తది ఎవలు ఏడ నిలవడ్డరో.
కొన్ని పేజీలు కొత్తనోటు లెక్క పెళపెళ,
ఇన్నేండ్లల్ల ఎవలూ తెరవలే.
రాష్ట్రాలు ఎట్ల ఏర్పడుతయో చెప్పే కాడ మాత్రం
చాయ మరకలు, బొటనవేలి మసి.
ఉద్యమం దినాల్ల ఈ సందుల
ఎవలి చేతుల సూసినా గదే పేజీ ఉండె.

దారం కుళ్ళలే.
ఇరగ్గొట్టింది వయసు గాదు,
నడుమ నడుమ అతికిన సవరణ చీటీలు.
లావెక్కిన పుస్తకానికి పాత వెన్ను సాలదు.
చిన్న వకీలు మాటల అబద్ధం లేదు, ఒప్పుకోవాలె.
కాని కొన్ని చీటీల కింద ఏలు పెట్టి తడిమితె
మూతవడ్డ అక్షరం
ఇంకా ఉబ్బెత్తుగనే తాకుతది.

వాన కొడితె లోపటికొచ్చింది మాలోతు సునంద,
వీపు మీద అన్నం డబ్బాల పెట్టె.
నర్సంపేట దిక్కు తండా పిల్ల.
పొద్దుగాల సంది యాప్ ఆమె పేరును బందు పెట్టిందట.
"ఎందుకని అడుగుదమంటె ఎవలున్నరక్కా?
మొకం లేని దొర."
ఇప్పి పరిచిన ఫారాల మీదికి వంగింది.
"గిండ్ల యాప్ అని ఉంటదా?"
"ఉండది బిడ్డా."
తడిచేతులు చున్నీకి తుడుసుకొని
తనే తిప్పుకుంట తిప్పుకుంట
ఇరవై మూడో నంబర్ కాడ ఆగింది.
వెట్టి.
పైకే చదివింది.
"మా తాత అంటుండె గీ మాట.
గడీకి కట్టెలు మోసెటోడట. కూలి లేదు,
ఎందుకని అడిగేది లేదు."

రేకు మీద వాన సప్పుడు.
"ఇది నాకు వర్తిస్తదా అక్కా?"
నాకేమెరుక, కుట్టేదాన్ని.
నా చెవి మీది పెన్సిల్ తీసుకొని
పేజీ అంచుల చిన్న ప్రశ్న గుర్తు పెట్టింది.
వకీలు పుస్తకం, వద్దందామనుకున్న.
నోరు రాలే.

కుట్టినంక కటింగ్ మిషన్ కింద పెట్టి
మూడు దిక్కుల కోసుడు రివాజు. నున్నగ వస్తది.
కోసినప్పుడల్లా గోరంత పోతది.
ఇదివరకు ఎవలో కోసిన్రు,
పెద్దాయన రాసుకున్న మాటలు సగం సగం తెగినయి,
"ఎవరికో—", "ఒకవేళ—",
తక్కింది ఏ చెత్తల కలిసిందో.

మిషన్ పిడి మీద చెయ్యేసి
శాన సేపు నిలవడ్డ.

వెన్ను ఎడల్పు చేసిన.
కొత్త నూలుకు మైనం రాసి కుట్టిన.
రేపటి చీటీలకు తావుండాలని
నడుమ నడుమ ఉత్త పట్టీలు ఏసిన.

"అంచులు ఎగుడుదిగుడున్నయేంది సారమ్మా?"
"కొయ్యలే సారూ."
"మరి పైసలు తగ్గుతయా?"
"కోస్తె నూటాయాభై. కొయ్యకుంటె రెండొందలు."
పెద్దాయన నవ్వుకుంట జేబులు ఎతుకుతున్నడు.
కొడుకు ఇరవై మూడు కాడ తెరిచి
పెన్సిల్ గుర్తును ఏలితోని తుడువబోయి
ఆగిండు.
"ఇదెవరిది?" అన్నడు.